గొలుసుల నుంచి మాత్రల దాకా, మాత్రల నుంచి మాట దాకా: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో యువత మనసుకు చోటు దొరికిందా?

(జీఎస్-1: స్వాతంత్ర్యానంతర భారతం, సమాజం, జీఎస్-2: ఆరోగ్యం, బలహీన వర్గాల చట్టాలు, ఎస్సే పేపర్‌కు కూడా ఉపయోగం)

మిత్రులారా, ఈసారి టాపిక్ కాస్త దగ్గరిది. అశోక్ నగర్‌లో ప్రిపేర్ అవుతున్న రోజుల్లో మా పక్క గదిలో ఒక తమ్ముడు ఉండేవాడు. పొద్దున నవ్వుతూ టీకి పిలిచేవాడు. సాయంత్రానికి ఎవరో ఫోన్‌కు జవాబివ్వలేదని లోకమంతా తనను వదిలేసినట్టు కుప్పకూలిపోయేవాడు. "మీరే నాకు దిక్కు అన్నా" అన్నవాడే మర్నాడు మాతో మాట మానేసేవాడు. ఒక రాత్రి తనను తాను గాయపరచుకున్నాడు. మేం తీసుకెళ్లిన చోట కట్టు కట్టారు, ఐదు రోజులకు మాత్రలు రాశారు. "ఇదంతా మీ దృష్టి పడాలని చేసే పని, పట్టించుకోకండి" అని పంపేశారు.

అతనికి ఉన్నది ఏ రుగ్మతో చెప్పడానికి నేను డాక్టర్ను కాను. కానీ ఆ రాత్రి పుట్టిన ప్రశ్న మాత్రం పోలేదు. ఇలాంటి పిల్లవాడు ముందుగా వెళ్లగలిగే చోటు ఇంటికి దగ్గరున్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమే. అక్కడ అతని కోసం ఏముంది? లేకపోతే ఎందుకు లేదు? దీనికి సమాధానం వైద్యంలో కంటే చరిత్రలోనే ఎక్కువ దొరుకుతుంది.

1. ముందు సమస్యను అర్థం చేసుకుందాం

భావోద్వేగాలు అదుపు తప్పడం, ఎవరైనా వదిలేస్తారేమోనన్న తీవ్ర భయం, మనుషులను ఒకరోజు ఆకాశానికెత్తి మరునాడు ద్వేషించడం, "నేనెవరిని" అన్నది నిలకడగా తెలియకపోవడం, లోపల ఖాళీగా అనిపించడం, తనను తాను గాయపరచుకోవడం. ఇలాంటి లక్షణాలు చాలాకాలం కలిసి కొనసాగితే మనోవైద్యులు దాన్ని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. సంక్షిప్తంగా బీపీడీ. రక్తపోటుకూ దీనికీ సంబంధం లేదు.

"బోర్డర్‌లైన్" అన్న మాటను 1938లో అమెరికా మనోవిశ్లేషకుడు అడాల్ఫ్ స్టెర్న్ వాడుకలోకి తెచ్చారు. న్యూరోసిస్‌కూ సైకోసిస్‌కూ మధ్య సరిహద్దులో ఉన్నవారని ఆనాటి భావన. 1980లో అమెరికా మనోవైద్య సంఘం వర్గీకరణ డీఎస్ఎం-3లో ఇది అధికారిక రుగ్మత అయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో దీన్ని భావోద్వేగ అస్థిరత గల వ్యక్తిత్వ రుగ్మత కింద చేర్చింది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 పాత పెట్టెలన్నీ తీసేసి, వ్యక్తిత్వ రుగ్మతను తీవ్రతను బట్టి కొలుస్తూ "బోర్డర్‌లైన్ సరళి" అన్న గుర్తింపును మాత్రం ఉంచింది.

ఈ వ్యాసానికి మూడు విషయాలు కీలకం. ఒకటి, ఇది ఎక్కువగా కౌమారంలో, తొలి యవ్వనంలోనే బయటపడుతుంది. రెండు, దీన్ని నయం చేయడానికంటూ ప్రత్యేకమైన మందు లేదు. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2009 మార్గదర్శకాల్లోనే, ఈ రుగ్మత కోసమని మందులు వాడవద్దని సూచించింది. మూడు, ఇది నయం కాని జబ్బు కాదు. ఏళ్ల తరబడి సాగిన అధ్యయనాల్లో చాలామందిలో లక్షణాలు తగ్గుముఖం పట్టాయి. అంటే ఇక్కడ ప్రధాన చికిత్స మాట, సంబంధం, సమయం. మన వ్యవస్థ దేని మీద కట్టుకుందో చూస్తే పేచీ ఎక్కడుందో తెలుస్తుంది.

2. వలస పాలన: చికిత్స కంటే నిర్బంధం ముఖ్యం

1858 నాటి ల్యూనసీ చట్టాలు, తర్వాత 1912 నాటి ఇండియన్ ల్యూనసీ చట్టం మానసిక రోగిని ప్రధానంగా శాంతిభద్రతల సమస్యగా చూశాయి. మేజిస్ట్రేట్ ఉత్తర్వు, గోడలు, తాళాలు. "అసైలం" పేరును 1920లో "మెంటల్ హాస్పిటల్"గా మార్చారు. గోడలు మాత్రం అలాగే ఉన్నాయి.

1943లో ఏర్పడి 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ కోసం రాంచీ ఆసుపత్రి సూపరింటెండెంట్ కర్నల్ టేలర్ దేశంలోని మానసిక ఆసుపత్రులను పరిశీలించారు. సుమారు 40 కోట్ల జనాభాకు ఉన్నవి 10 వేల పైచిలుకు పడకలు. భోర్ కమిటీ అంటే మనం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆలోచననే గుర్తుపెట్టుకుంటాం. అదే నివేదిక మానసిక ఆరోగ్యానికి కేంద్రంలో, రాష్ట్రాల్లో ప్రత్యేక విభాగాలు ఉండాలనీ చెప్పింది. మొదటిది 1952లో సామాజిక వికాస పథకంతో ఊళ్లకు చేరడం మొదలైంది. రెండోది 1954లో బెంగళూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌గా రూపుదాల్చింది. 1974లో నిమ్‌హాన్స్ అయింది అదే. ఒకే నివేదికలో పుట్టిన ఈ రెండు దారులు కలుసుకోవడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

ఆ మధ్యలో ఒక చిన్న ఘట్టం ఉంది. పాఠ్యపుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది గానీ నా దృష్టిలో చాలా పెద్దది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను పిలిచి ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటే ఉండనిచ్చారు. జబ్బు గురించి వారితో మాట్లాడారు, సంరక్షణలో భాగం చేశారు. కుటుంబమే చికిత్సలో భాగమన్న ఆలోచన మన గడ్డ మీద అంత ముందే ఉంది.

3. రాయిపూర్ రాణి, సకలవార: మనసు పల్లెకు వచ్చిన ఏడాది

1975ను గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది రెండు ప్రయోగాలు మొదలయ్యాయి. హర్యానాలోని అంబాలా జిల్లా రాయిపూర్ రాణి బ్లాకులో, చండీగఢ్ పీజీఐకి చెందిన ఎన్.ఎన్. విగ్ బృందం ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళదేశ ప్రాజెక్టులో భాగంగా పనిచేసింది. బెంగళూరు దగ్గర సకలవారలో నిమ్‌హాన్స్ సామాజిక మానసిక ఆరోగ్య విభాగాన్ని తెరిచింది.

రెండింటి పద్ధతీ దాదాపు ఒకటే. మనోవైద్యులు కొద్దిమందే ఉన్నారు కాబట్టి ఆరోగ్య కార్యకర్తకు రోగిని గుర్తుపట్టడం నేర్పాలి. పీహెచ్‌సీ డాక్టరుకు కొద్దిపాటి మందులతో చికిత్స చేయడం నేర్పాలి. కష్టమైన కేసులను పై ఆసుపత్రికి పంపాలి. 1978 ఆల్మా ఆటా ప్రకటన ఈ దారికి అంతర్జాతీయ బలమిచ్చింది. 1982 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మండలి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ఆమోదించింది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇలాంటి కార్యక్రమాన్ని తొలి దశలోనే చేపట్టిన వాటిలో మనం ఉన్నాం.

1980ల రెండో భాగంలో కర్ణాటకలోని బళ్లారిలో దాన్ని జిల్లా స్థాయిలో పరీక్షించారు. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, డీఎంహెచ్‌పీ, నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్. ఈరోజు అది 700కు పైగా జిల్లాలకు విస్తరించింది.

4. జల్లెడలో ఎవరు జారిపోయారు?

ఇక్కడ తొందరపడి ఎవరినీ నిందించకూడదు. ఆనాటి రూపకర్తలు ఎదుర్కొన్నది గొలుసులతో కట్టేసిన మనుషులను, చికిత్స లేక ఏళ్లు గడిపిన మూర్ఛ రోగులను. సైకోసిస్, మూర్ఛ, తీవ్ర డిప్రెషన్, బుద్ధిమాంద్యం వారి ప్రాధాన్యం. వాటిలో చాలావాటికి చవకగా మందులున్నాయి. కాబట్టి గుర్తించు, మాత్ర ఇవ్వు, పై ఆసుపత్రికి పంపు అన్న సూత్రం సరైనదే. ఎన్నో కుటుంబాలను అది నిలబెట్టింది.

కానీ ఏ వ్యవస్థ అయినా తాను చేయగలిగిన పనిని బట్టే తాను చూడగలిగిన రోగాన్ని నిర్ణయించుకుంటుంది. మందుతో లొంగే జబ్బు కంటికి కనిపించింది. మాటతో, సంబంధంతో, కాలంతో లొంగే జబ్బు కనిపించలేదు. భావోద్వేగాల తుఫానులో ఉన్న పదహారేళ్ల అమ్మాయికి ఆ జల్లెడలో గడి లేదు. ఆమెను ఒకప్పుడు "హిస్టీరియా" అన్నారు, ఊళ్లో "గాలి సోకింది" అన్నారు, ఇంట్లో "పొగరు" అన్నారు, అత్యవసర విభాగంలో "నాటకం" అన్నారు.

ఇది భారతదేశం ఒక్కదాని లోపం కాదు. ప్రత్యేక నిపుణులు కానివారి కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో విడుదల చేసిన ఎంహెచ్‌గ్యాప్ మార్గదర్శిలో డిప్రెషన్, సైకోసిస్, మూర్ఛ, స్వీయహాని, మాదకద్రవ్యాలు ఉన్నాయి. వ్యక్తిత్వ రుగ్మతలకు ప్రత్యేక అధ్యాయం లేదు. పైగా 18 ఏళ్లలోపు వారికి ఈ పేరు పెట్టకూడదన్న సంకోచం వైద్యుల్లో చాలాకాలం ఉంది. ముద్ర పడుతుందన్న భయం న్యాయమైనదే. అయితే పేరు పెట్టకపోవడం క్రమంగా సాయం చేయకపోవడంగా మారింది. తొందరగా సాయం అందితే ఎక్కువ లాభపడే వయసే ఖాళీగా గడిచిపోయింది.

5. చికిత్స చరిత్ర: ఖరీదైన సమాధానం, తర్వాత ఒక ఆశ్చర్యం

1991లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షా లైనహాన్ డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే డీబీటీపై తొలి ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. ఉన్నదున్నట్టు అంగీకరించడం, మారడం అన్న రెండు ఎదురెదురు విషయాలను కలపడం దీని సారం. అంగీకారానికి సంబంధించిన భాగాన్ని ఆమె జెన్ సాధన నుంచి తీసుకున్నారు. వర్తమానంలో నిలవడం, బాధను తట్టుకోవడం, భావోద్వేగాలను సర్దుకోవడం, మనుషులతో మెలగడం అనే నాలుగు నైపుణ్యాలు నేర్పుతారు. కౌమార వయసుల కోసం దీన్ని మలిచారు. 2014లో నార్వేలో 77 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో 19 వారాల చికిత్స స్వీయహానిని తగ్గించింది. 2011లో లైనహాన్ తాను కూడా యవ్వనంలో ఇదే బాధతో ఆసుపత్రిలో ఉన్నానని బహిరంగంగా చెప్పారు.

డీబీటీ పూర్తి రూపంలో వారం వారం వ్యక్తిగత చికిత్స, గ్రూపు తరగతి, మధ్యలో ఫోన్ సాయం, చికిత్సకుల సమావేశం ఉంటాయి. ఒక్క క్లినికల్ సైకాలజిస్టు కూడా దొరకడం కష్టమైన జిల్లాకు ఇది అందని ద్రాక్ష.

అయితే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఫలితం చూడండి. అక్కడ ఆండ్రూ చేనెన్ బృందం యువత కోసమే హైప్ అనే తొలిదశ చికిత్సా సేవను నడుపుతోంది. 15 నుంచి 25 ఏళ్ల 139 మందిని మూడు రకాల సేవల్లో ఉంచి పోల్చిన వారి అధ్యయనం 2022లో వెలువడింది. ఒక బృందానికి ప్రత్యేక సైకోథెరపీ ఇచ్చారు. మిగతా రెండింటిలో దాని బదులు స్నేహపూర్వకంగా మాట్లాడే సమావేశాలు పెట్టారు. మూడు బృందాలూ మెరుగుపడ్డాయి. ప్రత్యేక థెరపీ మిగతావాటిని మించలేదు. అంటే తొందరగా గుర్తించడం, ఒకే మనిషి నిలకడగా వెంట ఉండటం, యువతకు తగ్గ సేవ ఉండటం అసలు పని చేస్తున్నాయి.

ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు. తీవ్రంగా ఉన్నవారికి నిపుణులు కావాల్సిందే. కానీ "నిపుణుడు లేడు కాబట్టి ఏమీ చేయలేం" అన్న సాకు మాత్రం బలహీనపడింది.

6. దక్షిణాసియా ఇప్పటికే చూపిన దారి

నేరుగా బీపీడీ మీద కాకపోయినా, మాటను చికిత్సగా పీహెచ్‌సీ గడపకు తెచ్చిన ప్రయోగాలు మన ప్రాంతంలోనే జరిగాయి. మెయిన్స్ జవాబులో వీటిని ఉదాహరణలుగా వాడుకోవచ్చు.

మొదటిది పాకిస్తాన్. రావల్పిండి జిల్లా పల్లెల్లో లేడీ హెల్త్ వర్కర్లు "థింకింగ్ హెల్దీ" పద్ధతిలో తల్లులతో మాట్లాడారు. 2008లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆరు నెలల తర్వాత ఆ తల్లుల్లో 23% మందికే డిప్రెషన్ మిగిలింది. పోల్చిచూసిన బృందంలో అది 53%.

రెండోది గోవా. విక్రమ్ పటేల్, సంగత్ సంస్థ మానస్ ప్రయోగంలో, వైద్య చదువు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక వైద్య కేంద్రాల్లో కౌన్సెలర్లుగా పెట్టారు. 2010 ఫలితాల్లో లాభం స్పష్టంగా కనిపించింది ప్రభుత్వ కేంద్రాల్లోనే.

మూడోది బీహార్‌లోని నలంద జిల్లా. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చేసిన సెహర్ ప్రయోగంలో (2018) ఒకే కార్యక్రమాన్ని కొన్ని చోట్ల ఉపాధ్యాయులు, కొన్ని చోట్ల సాధారణ కౌన్సెలర్లు నడిపారు. కౌన్సెలర్లున్న బడుల వాతావరణం మెరుగైంది. ఉపాధ్యాయుల ద్వారా నడిపిన చోట ఆ ఫలితం రాలేదు. ఉన్నవాళ్ల నెత్తినే మరో బాధ్యత పెట్టేస్తే సరిపోదన్నది దీని పాఠం.

నాలుగోది చెన్నై, కొలంబోలతో సహా ఐదు చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసినది. ఆత్మహత్యాయత్నం తర్వాత అత్యవసర విభాగానికి వచ్చిన 1,867 మందిని రెండుగా విడదీశారు. ఒక సగానికి గంటసేపు వివరంగా చెప్పి, 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికెళ్లో పలకరించారు. 2008 ఫలితాల్లో ఆ బృందంలో ఆత్మహత్య మరణాలు 0.2%, మామూలు చికిత్స బృందంలో 2.2%. ఇందులో మందు లేదు, యంత్రం లేదు. "ఎలా ఉన్నావు?" అని తొమ్మిదిసార్లు అడగడమే. మా పక్క గది తమ్ముడిని ఆ రాత్రి తర్వాత ఏ వ్యవస్థా ఒక్కసారి కూడా అడగలేదు.

7. చట్టం ఎంత దూరం వచ్చింది?

2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది అగ్నికి ఆహుతి కావడం దేశాన్ని కుదిపింది. 1987 చట్టం స్థానంలో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 (అమలు 2018 మే 29 నుంచి) సెక్షన్ 18 కింద ప్రభుత్వ సేవలు పొందడాన్ని హక్కుగా చేసింది. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, సంరక్షణ, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని సెక్షన్ 115 చెబుతోంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత ఐపీసీ 309 లేదు. ప్రభుత్వ ఉద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నం మాత్రం సెక్షన్ 226 కింద నేరంగా మిగిలింది. శ్రీలంక 1998లోనే, పాకిస్తాన్ 2022లో ఆత్మహత్యాయత్నాన్ని నేరాల జాబితా నుంచి తొలగించాయి.

2017 చట్టం నిర్వచనం ఆలోచన, మనోభావం, గ్రహణశక్తి, దిశాజ్ఞానం, జ్ఞాపకశక్తిలో గణనీయమైన రుగ్మత గురించి మాట్లాడుతుంది. వ్యక్తిత్వ రుగ్మతను పేరు పెట్టి చెప్పలేదు. అయితే నిర్ధారణ ఐసీడీ వంటి ప్రమాణాల ప్రకారం జరగాలని సెక్షన్ 3 అంటుంది కాబట్టి తలుపు మూసుకుపోలేదు. అన్వయంలోనే చిక్కు ఉంది.

2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10–19 ఏళ్ల వారికి స్నేహపూర్వక క్లినిక్‌లను, తోటి విద్యార్థుల బోధకులను తెచ్చింది. ఆరు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. 2018లో మొదలైన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ల సేవల్లో, అంటే నేటి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో, మానసిక ఆరోగ్యం చేరింది. 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి మరణాలను 10% తగ్గించాలంటోంది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, మానసిక ఆరోగ్యం ఆర్టికల్ 21లో అంతర్భాగమని చెప్పి విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులుంటే కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలన్నది వాటిలో ఒకటి.

కాగితం మీద దారి ఉంది. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015–16) మాత్రం వివిధ రుగ్మతల్లో చికిత్స అందని వారు 70 నుంచి 92% దాకా ఉన్నారంది. ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో 2022లో ఆత్మహత్యతో మరణించిన విద్యార్థులు 13,044 మంది. వీరందరికీ బీపీడీ ఉందని కాదు. వారిలో ఎందరికి ముందుగా ఎవరైనా చేయి అందించారన్నది ప్రశ్న.

8. ముందున్న దారి

కొత్త పథకం అక్కర్లేదు. ఉన్నవాటిని కలిపితే చాలు.

మొదట, స్వీయహానితో వచ్చిన ప్రతి యువకుడినీ కట్టు కట్టి పంపేయకుండా నిర్ణీత తేదీల్లో పలకరించే రిజిస్టరు పీహెచ్‌సీ స్థాయిలో ఉండాలి. చెన్నై ప్రయోగంలో పని చేసింది అదే. రెండు, కిశోర క్లినిక్ కౌన్సెలరుకు భావోద్వేగాలను సర్దుకునే ప్రాథమిక నైపుణ్యాలు నేర్పాలి. పూర్తి డీబీటీ చేయమని కాదు, బాధ పెరిగినప్పుడు మొదటి పది నిమిషాలు ఎలా దాటాలో చెప్పగలగాలి. మూడు, కౌన్సెలరు ఒంటరి కాకూడదు. డీఎంహెచ్‌పీ బృందం వారానికోసారి ఫోన్‌లోనైనా వారి కేసులు వినాలి. నాలుగు, విద్యాసాగర్ గుడారాల పాఠం. తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టకుండా భాగస్వాములను చేయాలి. హింస ఇంట్లోనే ఉన్నచోట మాత్రం పిల్లల రక్షణే ముందు. ఐదు, పేరు పెట్టడానికి తొందరపడకపోయినా సాయానికి మాత్రం తొందరపడాలి.

భోర్ కమిటీ మంచం లేని రోగిని చూసింది. 1982 కార్యక్రమం మందు లేని రోగిని చూసింది. ఇప్పుడు వినేవాళ్లు లేని రోగిని చూడాల్సిన దశలో ఉన్నాం. రేపు మీలో కొందరు కలెక్టర్లుగా జిల్లా ఆరోగ్య సమీక్షలో కూర్చుంటారు. ఎన్ని మాత్రలు పంచారని అడిగిన తర్వాత, ఎంతమందిని మళ్లీ పలకరించారని కూడా అడగండి.

ఇది చదువుతున్న మీకే అలాంటి రాత్రి ఎదురైతే ఒంటరిగా గడపకండి. టెలీ మానస్ నంబరు 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పక్క గదిలో ఎవరైనా మౌనంగా మారితే తలుపు తట్టండి. ఒక అధ్యాయం ఆగినా సిలబస్ ఎక్కడికీ పోదు.

ప్రిలిమ్స్ కోసం గుర్తుంచుకోండి
• మతిభ్రమణం, మానసిక లోపం, వాటి చికిత్సా స్థలాలు: ఉమ్మడి జాబితా, అంశం 16. ప్రజారోగ్యం: రాష్ట్ర జాబితా, అంశం 6.
• భోర్ కమిటీ 1943–46, జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982, డీఎంహెచ్‌పీ 1996.
• మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017: సెక్షన్ 18 హక్కు, సెక్షన్ 115 తీవ్ర ఒత్తిడి భావన.

మెయిన్స్ సాధన ప్రశ్న
"భారత ప్రాథమిక మానసిక ఆరోగ్య వ్యవస్థ మందుతో లొంగే రోగాలను గుర్తించినంతగా మాటతో లొంగే వేదనను గుర్తించలేదు." 1946 నుంచి నేటి వరకు జరిగిన పరిణామాల ఆధారంగా యువత దృష్టికోణంలో విమర్శనాత్మకంగా పరిశీలించండి. (250 పదాలు, 15 మార్కులు)